చేతివాటం లేని అణువు పేనిన తాడు

నా పీహెచ్‌డీలో పద్నాలుగు నెలలను ఒకే ఒక్క ప్రశ్న తినేసింది. కుడి ఎడమల తేడా ఉన్న పదార్థం చిటికెడు కూడా వెయ్యని సీసాలో తయారైన నానో పోగులు ప్రతిసారీ ఒకే వైపుకి ఎందుకు మెలి తిరుగుతున్నాయి? విశాఖలో మా ల్యాబ్ సముద్రానికి దగ్గర. కిటికీ తీస్తే ఉప్పుగాలి, మూస్తే ఉక్కపోత. ఆ గదిలో కూర్చుని, మధ్యమధ్య గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లివస్తూ, దీనికి జవాబు వెతుక్కున్నాను. కెమిస్ట్రీ చదవనివాళ్లకి కూడా అందేలా ఆ సంగతులు రాస్తున్నాను.

చేతివాటం అనే మాట నాకు చిన్నప్పుడే పరిచయం. నాది పుర్రచెయ్యి. ఎవరికైనా ఎడమచేత్తో ఏదైనా అందిస్తే నాయనమ్మ ఊరుకునేది కాదు. రెండు చేతులూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, కానీ ఎడమచేతి గ్లోవ్ కుడిచేతికి పట్టదు. అణువుల్లోనూ ఇలాంటి జంటలున్నాయి. వాటికి 1890లలో లార్డ్ కెల్విన్ ‘కైరల్’ అన్న మాట పెట్టాడు. గ్రీకులో చెయ్యి అనే మాట నుంచి తీసుకున్నాడు. అంటే తెలుగులో మనం చేతివాటం అంటే అచ్చం అదే మాట అన్నట్టు.

మొదట కైరల్ అణువుల జంటని వేరుచేసి చూపించింది లూయీ పాశ్చర్, 1848లో, పాతికేళ్ల వయసులో. ఒక టార్టారిక్ ఆమ్ల లవణాన్ని స్ఫటికాలుగా గడ్డకట్టించి, భూతద్దం కింద పెట్టి, కుడివాటం స్ఫటికాల్ని ఒక పక్కకి, ఎడమవాటం స్ఫటికాల్ని ఇంకో పక్కకి ఏరాడు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపిగ్గా. ఈ ప్రయోగం గురించి నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ఆ లవణం అలా రెండు రకాల స్ఫటికాలుగా విడిపోయేది సుమారు 27 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే. అంతకన్నా వేడిగా ఉంటే రెండు చేతులూ కలిసిపోయి ఒకే రకం స్ఫటికం వస్తుంది, ఇక ఏరడానికి ఏమీ ఉండదు. పారిస్ చలి ఆయనకి కలిసొచ్చింది. మా వైజాగ్ వేసవిలో ఏసీ లేని గదిలో చేసి ఉంటే ఆ రోజు ఏమీ కనపడేది కాదు.

ఆ టార్టారిక్ ఆమ్లం మనకేమీ కొత్తది కాదు. చింతపండు పులుపు చాలావరకు దానిదే. చింతచెట్టు చేసే టార్టారిక్ ఆమ్లం అంతా ఒకే చేతిది, దాన్ని ఎల్-టార్టారిక్ ఆమ్లం అంటారు. దాని అద్దం జత, డి-టార్టారిక్ ఆమ్లం, ప్రకృతిలో బహు అరుదు. అందుకే కంపెనీ కేటలాగ్‌లో ఎల్ సీసా చవక, డి సీసా ఖరీదు. నా పని మొదలైంది ఈ రెండు సీసాలతోనే.

మూడోది టీపీపీఎస్ అని మేం పిలుచుకునే రంగు పదార్థం. ఇది పోర్ఫిరిన్ కుటుంబంలోది. మన రక్తంలో ఇనుముని పట్టుకుని కూర్చునే హీమ్, ఆకుల్లోని పత్రహరితం దీనికి దగ్గరి చుట్టాలు. దీని అణువు ఇంచుమించు చదునుగా, నాలుగు పక్కలా నాలుగు చేతులు చాపిన పళ్లెంలా ఉంటుంది. పళ్లేనికి కుడి ఎడమలుండవు, అద్దంలో చూసినా అదే పళ్లెం. అంటే దీనికి చేతివాటం లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

దీన్ని మామూలు నీళ్లలో కలిపితే ఎర్రటి ద్రావణం వస్తుంది. అందులో ఆమ్లం పోస్తే రంగు ఆకుపచ్చగా మారుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను సీసాని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాను. లోపల జరిగేది ఇది. పళ్లెం అంచున నాలుగు చేతుల చివరా ఋణావేశం ఉంటుంది. ఆమ్లం పోసేసరికి పళ్లెం నడిబొడ్డున ధనావేశం చేరుతుంది. ఇక ఒక పళ్లెం అంచు పక్క పళ్లెం మధ్యభాగాన్ని లాక్కుంటుంది. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి సగం జారి కూర్చున్నట్టు ఈ పళ్లేలు వరస కడతాయి. ఎవరూ పేర్చక్కర్లేదు, వాటంతట అవే. దీన్నే సెల్ఫ్ అసెంబ్లీ అంటారు. వరసలు పెరిగి పెరిగి చివరికి సన్నని గొట్టాలవుతాయి, నేను పోగులు అంటున్నది వీటినే. వాటి వ్యాసం 16 నుంచి 18 నానోమీటర్లు, గోడ మందం ఒక్క వరస అణువులంత. వెంట్రుక మందం ఇలాంటి గొట్టాలు కొన్ని వేలు పక్కపక్కన పడుకోబెడితే వస్తుంది.

ఆ వరసలు మెలి తిరిగి ఉంటాయి. జాలరిపేట దగ్గర కొబ్బరి పీచుతో తాడు పేనడం చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పీచుకి వాటం లేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి ఒక వైపుకి తోస్తే కుడి మెలిక పడుతుంది, ఇంకో వైపుకి తోస్తే ఎడమ మెలిక పడుతుంది. తాడుకి చేతివాటం వచ్చేది పేనే చేతి నుంచి. మరి సీసాలో పేనే చెయ్యి ఎవరిది?

టార్టారిక్ ఆమ్లం ఆ చెయ్యి కావచ్చు. ఈ పోగులు తయారయ్యేటప్పుడు ఎల్ ఆమ్లం ఉంటే ఒక వైపు, డి ఆమ్లం ఉంటే రెండో వైపు మెలి తిరుగుతాయి. ఇది నేను కనిపెట్టింది కాదు, పోర్ఫిరిన్ల మీద పనిచేసేవాళ్లకి తెలిసిన విషయమే. నేను చూడాలనుకున్నది ఎంత కొద్ది టార్టారిక్ ఆమ్లం వేస్తే సరిపోతుంది అన్నది. అది కొలవాలంటే పోల్చుకోడానికి ఒక సున్నా కావాలి. కైరల్ పదార్థం ఏమీ లేకుండా, మామూలు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చేసిన శాంపిల్ అన్నమాట. దీన్ని కంట్రోల్ అంటాం. ప్రతి సీసాలోనూ కుడి పోగులూ ఎడమ పోగులూ సగం సగం ఉంటే బాగుండును గానీ ఈ పోర్ఫిరిన్ అంత బుద్ధిగా ఉండదు. ఒక్కో సీసాలో ఏదో ఒక వైపు పైచెయ్యి అవుతుంది. నేను అనుకున్నదల్లా, పది సీసాలు చేస్తే కొన్ని ఇటు, కొన్ని అటు రావాలని.

మెలిక ఏ వైపో తేల్చేది సీడీ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం. కాంతిని కుడివైపు తిరిగే కిరణంగా ఒకసారి, ఎడమవైపు తిరిగే కిరణంగా ఒకసారి పంపి, శాంపిల్ రెండింటినీ ఎంతెంత పీల్చుకుందో తేడా చూస్తుంది. తేడా మిల్లీడిగ్రీల్లో వస్తుంది. ఒక చేతి శాంపిల్‌కి గీత పైకి లేస్తే, దాని అద్దం జతకి అదే గీత తిరగేసినట్టు కిందికి దిగుతుంది. మా ల్యాబ్‌లో ఆ యంత్రం లేదు. మా దగ్గరున్న మామూలు యూవీ యంత్రం పోగులు తయారయ్యాయో లేదో చెబుతుంది, ఏ వైపు తిరిగాయో చెప్పలేదు. అందుకే ప్రయాణాలు.

మొదటి ప్రయాణం పూర్తిగా వృథా. శాంపిళ్లన్నీ వైజాగ్‌లోనే కలిపి, సీసాల మూతలకి పారాఫిల్మ్ చుట్టి, థర్మాకోల్ పెట్టెలో సర్ది సాయంత్రం రైలెక్కాను. రాత్రంతా పెట్టె ఒళ్లోనే. తెల్లవారి సికింద్రాబాద్‌లో దిగి చూస్తే ప్రతి సీసా అడుగునా పచ్చటి నలకలు. పోగులు ఒకదానికొకటి చుట్టుకుని అడుక్కి దిగిపోయాయి. యంత్రం దగ్గర ఉండే సార్ ఒక సీసా వెలుతురుకి పట్టి చూసి, “ఇది కొలిచినా లాభం లేదమ్మా, కాంతి చెదిరిపోతుంది. ఇక్కడికొచ్చి కలుపుకోండి” అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ స్లాట్ కోసం నెలన్నర ఎదురుచూశాను.

రెండోసారి పదార్థాలు విడివిడిగా పట్టుకెళ్లాను. టీపీపీఎస్ ద్రావణం, రెండు టార్టారిక్ ఆమ్లాలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మా నీళ్లకి అలవాటుపడ్డ లెక్కలు మారకూడదని ఐదు లీటర్ల సీసాలో మా డిస్టిల్డ్ వాటర్ కూడా మోసుకెళ్లాను. ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఆ రోజు పని బాగా సాగింది. పోర్ఫిరిన్ గాఢత 3 మైక్రోమోలార్, అంటే చాలా పల్చన. ఆమ్లం చివర్లో పొయ్యాలి, అంతకుముందు కాదు. ఏది ముందు ఏది తర్వాత అన్నది ఈ పనిలో చాలా పెద్ద విషయం, క్రమం మారిస్తే పోగుల పరిమాణం, వాటి చేతివాటం బలం రెండూ మారిపోతాయి. ఆమ్లం పోశాక యూవీ యంత్రంలో 434 నానోమీటర్ల దగ్గర ఒక శిఖరం కనిపిస్తుంది, అది విడివిడిగా ఉన్న అణువులది. పోగులు తయారయ్యేకొద్దీ అది తగ్గి 490 దగ్గర ఇంకోటి లేస్తుంది. కానీ వెంటనే కాదు. మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరగదు. గీత నేల మీద పడుకున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి లేచి ఎగబాకుతుంది.

ఇది పాలు తోడుకోవడం లాంటిది. చాలాసేపు పాలు పాలలాగే ఉంటాయి, ఒక దశ దాటాక గబగబా గట్టిపడతాయి. మా శాంపిల్‌లో కూడా ముందు పట్టుమని పది అణువులైనా కుదురుగా కలవడమే కష్టం. కలిశాక విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. ఎక్కడో ఒక చిన్న గుంపు నిలదొక్కుకుంటే అదే తోడు. మిగతావి దాన్ని పట్టుకుని, దాని మెలికనే కొనసాగిస్తూ పెరుగుతాయి. పులిసిన తోడు వేస్తే పెరుగంతా పులుస్తుందని మన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడా అంతే. తోడు ఎడమకి తిరిగి ఉంటే కోట్ల అణువులు ఎడమకే తిరుగుతాయి. అసలు నిర్ణయం ఏమీ కనపడని ఆ ఇరవై నిమిషాల్లోనే జరిగిపోతుంది.

ఫలితాలు వచ్చాయి. ఎల్ శాంపిళ్ల గీత కిందికి దిగింది, డి శాంపిళ్ల గీత పైకి లేచింది. రైల్లో తిరిగొస్తూ రాజమండ్రి వంతెన మీద ల్యాప్‌టాప్ తెరిచి ఆ గీతలు మళ్లీ మళ్లీ చూసుకున్నాను. మర్నాడు మా గైడ్ మేడమ్‌కి చూపించాను. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని అడిగిన మొదటి మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

“ఇది అద్దంలో బొమ్మే అయితే, పొట్టిగా ఎందుకుందమ్మా?”

నిజమే. డి గీత ఎత్తు, ఎల్ గీత లోతులో సగం ఉంది, అంతే. రెండూ అచ్చంగా జతలు. బరువు ఒకటే, గాఢత ఒకటే. సమానంగా రావాలి. డి సీసా పాతదైపోయిందేమో, శుద్ధత తక్కువేమో అని నేను సర్దిచెప్పబోయాను. మేడమ్ వినలేదు. “కంట్రోల్ ఏమంది?” అన్నారు.

కంట్రోల్ గురించి నేను పెద్దగా ఆలోచించలేదని ఒప్పుకోవాలి. ఆరు కంట్రోల్ శాంపిళ్లు కొలిచాను. ఆరూ కిందికి దిగాయి, ఎల్ శాంపిళ్ల వైపుకే. యాదృచ్ఛికం అనుకున్నాను. మేడమ్ కాగితం మీద లెక్క వేసి చూపించారు. నాణెం ఆరుసార్లు వేస్తే ఆరూ బొరుసే పడే అవకాశం అరవై నాలుగింటికి ఒకటి. “నీ నాణెంలో ఏదో ఉంది” అన్నారు.

ఆ మాటతో అసలు పని మొదలైంది. ఏదో ఒకటి మా శాంపిళ్లన్నింటినీ ఎల్ వైపుకి తోస్తోంది. అందుకే ఎల్‌కి అండ దొరికింది, డి మాత్రం ఎదురీదాల్సి వచ్చింది.

మొదటి అనుమానం గాజు సామాను మీద. ఈ పోగులు గాజుకి అంటుకుంటాయి. శాంపిల్ పారబోసి నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా క్యూవెట్ (యంత్రంలో శాంపిల్ పోసి పెట్టే చిన్న గాజు పాత్ర) గోడ మీద పల్చటి పచ్చ పొర మిగిలిపోతుంది, తెల్ల కాగితం ముందు పెడితే గానీ కనపడదు. అందులో రెండు చుక్కలు సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం వేస్తే గోడ మీది పచ్చదనం కళ్లముందే ఎరుపుగా మారి నీళ్లలోకి కారిపోతుంది. క్షారం తగిలి ఆమ్లం లేకుండా పోతే పళ్లేలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి కాబట్టి. క్షారంతో కడగకపోతే ఆ మిగిలిపోయిన పొర తర్వాతి శాంపిల్‌కి తోడుగా పనిచేస్తుంది. పెరుగు గిన్నె కడగకుండా మళ్లీ పాలు పోసినట్టే. కాబట్టి ముందు క్షారం, తర్వాత రాత్రంతా నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టడం, ఆపైన నీళ్లతో పదిసార్లు. రెండు నెలలు ఇలా కడిగాను, చేతులు గ్లోవ్స్‌లో నానిపోయాయి. టార్టారిక్ ఆమ్లానికి వాడిన పిపెట్లు వేరే డబ్బాలో పెట్టాను. కంట్రోల్‌కి అన్నీ కొత్తవే.

ఇంకో అనుమానం తిప్పడం మీద. 2001లో బార్సిలోనాకి చెందిన జోసెప్ రిబో బృందం సైన్స్ పత్రికలో ఒక విచిత్రం ప్రచురించింది. ఇలాంటి పోర్ఫిరిన్ పోగులు తయారయ్యేటప్పుడు ద్రావణాన్ని ఏ వైపుకి సుడి తిప్పితే దాన్ని బట్టి సీడీ గీత పైకో కిందికో వెళ్తుందని. అణువులతో పోలిస్తే సుడిగుండం ఏనుగంత, అయినా దాని తిరుగుడు అణువుల కూర్పులోకి దిగింది. అది చదివాక నాకు నా పుర్రచెయ్యే గుర్తొచ్చింది. ద్రావణం కలిపేటప్పుడు నేను తెలియకుండానే ఎప్పుడూ ఒకే వైపుకి తిప్పుతున్నానా? నా జూనియర్ కుడిచేతి వాటం అమ్మాయి. తనతో కలిపించాను. తర్వాత అసలు తిప్పకుండా, సీసాని నాలుగుసార్లు తలకిందులు చేసి వదిలేశాను.

సుడి గురించి చదువుతుంటే ఇంకో పాత ప్రయోగం ఎదురైంది. సోడియం క్లోరేట్ నీళ్లలో ఉన్నప్పుడు దానికి చేతివాటం లేదు, స్ఫటికంగా మారితే వస్తుంది. కదపకుండా వదిలేస్తే కుడి స్ఫటికాలూ ఎడమ స్ఫటికాలూ దాదాపు సమానం. కలుపుతూ ఉంటే మాత్రం ఒక పాత్రలో 99.7 శాతం ఒకే చేతివి. 1990లో వచ్చిన ఈ పరిశోధన రాసినవారిలో మొదటి పేరు దిలీప్ కొండెపూడి. మన తెలుగు ఇంటిపేరు చూసి ల్యాబ్‌లో అందరికీ చూపించాను. కారణం మళ్లీ తోడే. మొదట పుట్టిన ఒక్క స్ఫటికం, కలపడం వల్ల ముక్కలై, వెయ్యి తోడులవుతుంది. రెండో చేతికి పుట్టే సందే దొరకదు. ఒక చెయ్యి తనని తాను పెంచుకుంటూ రెండోదాన్ని అణిచేస్తే చివరికి ఒకటే మిగులుతుందని ఫ్రాంక్ అనే భౌతిక శాస్త్రవేత్త 1953లోనే గణితంతో చూపించాడు. భూమ్మీద ప్రాణులన్నిటి ప్రొటీన్లూ ఎల్ చేతి అమైనో ఆమ్లాలతోనే ఎందుకు తయారయ్యాయన్న పెద్ద ప్రశ్నకి చాలామంది జవాబు వెతికే దారుల్లో ఇదీ ఒకటి. నా చిన్న సీసాలో నడిచేది కూడా ఆ బాపతు నాటకమేనని తెలిశాక ఆ ఏడాది చేసిన గిన్నెల కడుగుడు నాకు విసుగనిపించలేదు.

మూడో ప్రయాణం. కొత్త గాజు, కొత్త పద్ధతి. కంట్రోల్ శాంపిళ్లు మొదటి నాలుగూ మళ్లీ కిందికే. నా ముఖం చూసి యంత్రం దగ్గరి సార్ టీ తెప్పించారు. ఐదోది చేయబోతుంటే మా నీళ్ల సీసా ఖాళీ అయింది. రైల్లో మూత వదులై కొంత కారిపోయింది, నేను చూసుకోలేదు. వాళ్ల ల్యాబ్‌లోనే, యంత్రం నుంచి అప్పటికప్పుడు పట్టిన అతిశుద్ధ జలం తీసుకుని కలిపాను. ఐదోది కిందికే. ఆరోది పెట్టి, ఇరవై నిమిషాల మౌనం అయ్యాక, స్కాన్ నొక్కాను. 500 దాటి 490 దగ్గరికొస్తుంటే గీత మెల్లగా పైకి లేచింది.

“శాంపిల్ మార్చారా?” అన్నారు సార్.

“లేదు సార్. నీళ్లు మార్చాను.”

అన్నాక, నేనన్న మాట నాకే వినిపించింది.

ఏడోది పైకి. ఎనిమిదోది కిందికి. ఒక అనుమానం మిగలకుండా ప్రతి క్యూవెట్‌నీ తొంభై డిగ్రీలు తిప్పి మళ్లీ కొలిచాను. పొడవాటి పోగులు నదిలో దుంగల్లా ఒకే దిక్కుకి సర్దుకుంటే యంత్రం మోసపోయి లేని చేతివాటం చూపించే ప్రమాదం ఉంది. తిప్పినా గీత మారలేదు. ఆ రాత్రి రైల్లో నిద్ర పట్టలేదు.

వైజాగ్ దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా ల్యాబ్‌కి పోయాను. మా డిస్టిల్లేషన్ యూనిట్ నుంచి వచ్చే నీళ్లు ఇరవై లీటర్ల తెల్ల ప్లాస్టిక్ క్యాన్‌లో నిలవ ఉంటాయి. అటెండర్ బాబాయ్ అప్పుడే తాళాలు తీస్తున్నారు.

“బాబాయ్, ఈ క్యాన్ ఎప్పుడు కడిగాం?”

“కడగడమేంటమ్మా? అందులో ఉండేది డిస్టిల్డ్ వాటరే కదా” అన్నారు ఆయన. ఆయన తప్పేమీ లేదు. మేమెవరమూ కడగలేదు. నేను చేరకముందు నుంచీ ఆ క్యాన్ అక్కడే ఉంది, పై నుంచి నీళ్లు పడుతుంటాయి, కింద కుళాయి నుంచి మేం పట్టుకుంటుంటాం.

నీళ్లు వంచేసి లోపల వేలు పెట్టి రాశాను. జారుడుగా తగిలింది. చేప మీది జిగురులా, అంత పల్చగా. కళ్లకి ఏమీ కనపడదు, గోడ తెల్లగానే ఉంది. కానీ వేలికి తెలుస్తోంది. బాక్టీరియా పొర అది. ఎంత శుద్ధమైన నీళ్లయినా రోజుల తరబడి నిలవ ఉంటే, అందులోనూ వైజాగ్ లాంటి వెచ్చటి ఊళ్లో, అవి ఎలాగోలా కాపురం పెట్టేస్తాయి. వాటి ప్రొటీన్లు, చక్కెరలు అన్నీ ఒకే చేతివి. అవి నీళ్లలోకి వదిలే అణుమాత్రపు పదార్థం మామూలు ప్రయోగాలకి ఏ అడ్డూ కాదు. మా ల్యాబ్‌లో మిగతావాళ్ల టైట్రేషన్లు ఇన్నేళ్లుగా సరిగ్గానే వస్తున్నాయి. కానీ ఏ చేతివాటమూ లేక అటా ఇటా అని తచ్చాడే పోర్ఫిరిన్‌కి ఆ ఇరవై నిమిషాల్లో అంత చిన్న తోపు చాలు. కొద్దిమంది కైరల్ అణువులు పెద్ద గుంపుని తమ వైపుకి తిప్పుకోవడాన్ని ‘సార్జెంట్లు, సైనికులు’ సూత్రం అంటారు. మార్క్ గ్రీన్ బృందం 1989లో కొన్ని పాలిమర్లలో దాన్ని చూపించింది. పరీక్షలకి ఆ పేరు బట్టీపట్టాను. దాని అర్థం వేలి కొసకి తగిలింది మాత్రం ఆ ఉదయమే.

అమ్మకి ఫోన్ చేసి చెబితే, “అయితే పాచి పట్టిందన్నమాట” అంది. మూడు ముక్కల్లో తేల్చేసింది. నా థీసిస్‌లో అది పదకొండు పేజీలు.

నాలుగో ప్రయాణానికి మేడమ్ షరతు పెట్టారు. ఏ సీసాలో ఏ నీళ్లో నాకు తెలియకూడదు. పది సీసాల్లో పాత క్యాన్ నీళ్లు, పది సీసాల్లో అప్పటికప్పుడు పట్టిన శుద్ధ జలం. జూనియర్ అమ్మాయి అంకెలు వేసి, ఏ అంకె దేనిదో రాసిన కవరు అంటించి మేడమ్‌కి ఇచ్చింది. హైదరాబాద్‌లో రెండు రోజులు కూర్చుని ఇరవై శాంపిళ్లూ వరసగా కొలిచాను. నోట్‌బుక్‌లో ప్రతి అంకె పక్కనా ఒక బాణం గీశాను, పైకో కిందికో. వెనక్కొచ్చాక మేడమ్ గదిలో కవరు చించాం.

పాత క్యాన్ నీళ్ల పది బాణాలూ కిందికే. శుద్ధ జలంలో ఆరు కిందికి, నాలుగు పైకి.

మేడమ్ ఆ పేజీని చాలాసేపు చూశారు. తర్వాత డి టార్టారిక్ ఆమ్లంతో శుద్ధ జలంలో మళ్లీ చేయమన్నారు. చేశాను. ఈసారి అద్దంలో బొమ్మ పొట్టిగా లేదు, రెండు గీతలూ ఒకదానికొకటి తిరగేసి అతికించినట్టు సరిపోయాయి. రెండేళ్ల కింద నేను అడిగిన మొదటి ప్రశ్న, ఎంత కొద్ది టార్టారిక్ ఆమ్లం సరిపోతుందన్నది, అప్పుడు గానీ నిజంగా మొదలుపెట్టలేకపోయాను.

నేను మాత్రం ఇప్పటికీ ఆర్.కె. బీచ్‌లో శంఖాలు అమ్మే బండి దగ్గర ఆగి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూస్తుంటాను. దాదాపు అన్నీ ఒకే వైపు చుట్టుకుని ఉంటాయి. అరుదుగా దొరికే రెండో వాటాన్నే మనవాళ్లు దక్షిణావర్త శంఖమని పూజలో పెడతారు. జీవశాస్త్రంలో అదే శంఖాన్ని ఎడమవాటం అంటారు. వాళ్లు కొన పైకి పెట్టి చూస్తారు, మనం కొన కిందికి పెట్టి చూస్తాం, అందుకే పేర్లలో ఆ తేడా. మెలిక మాత్రం ఒకటే. బండి అతను నా కోసం ఒకటి వెతికిపెడతానన్నాడు గానీ దాని ధర నా ఫెలోషిప్‌కి అందేది కాదు.

ల్యాబ్‌కి కొత్త క్యాన్ వచ్చింది. దాన్ని వారానికోసారి కడిగి ఎండలో ఆరబెడుతున్నారు బాబాయ్. పాతది పారేద్దామని గుమ్మం దగ్గర పెడితే మేడమ్ లోపలికి తెప్పించి, మూత బిగించి, మార్కర్‌తో దాని మీద పెద్ద అక్షరాలతో రాశారు: ‘పారెయ్యకండి. ఇది శాంపిల్.’